అవ్వ పెరటికి జాలారి నీళ్లే ఆధారం

అనంతపురం జిల్లా అనగానే బయటివాళ్లకు కరువే గుర్తుకొస్తుంది. అది అబద్ధమేమీ కాదు. నైరుతి రుతుపవనాలు తెచ్చే నీటిలో ఎక్కువ భాగం పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది, బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి, ఈ రెండు వానలకూ చివరన మిగిలిపోయిన నేల మాది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలదే. ఆషాఢంలో మబ్బులు కనిపిస్తాయి గానీ నిలవవు. పడమటి గాలి వాటిని తరుముకుపోతుంది, ఆ గాలే నేలలో ఉన్న కాస్త తడినీ ఎండగొడుతుంది. అటువంటి చోట, కళ్యాణదుర్గం ప్రాంతంలోని ఒక చిన్న పల్లెలో, మా అవ్వ పెరట్లో పన్నెండు నెలలూ ఏదో ఒక ఆకో, కాయో, పువ్వో ఉండేది. మొక్కల కోసమని ఆమె బావి నుంచి ప్రత్యేకంగా ఒక్క కడవ నీళ్లు తేవడం కూడా నేను చూడలేదు.

నాయన ఉద్యోగంలో బదిలీలు ఎక్కువ కావడంతో నా బడి చదువంతా అవ్వాతాతల దగ్గరే గడిచింది. 1970ల చివరి మాట ఇది. ఊరి నడుమ ఉన్న చేదబావి నీళ్లు కొంచెం ఉప్పన; వాడకానికి పనికొచ్చేవి. తాగే నీళ్లకు మాత్రం ఊరి బయట, చెరువు కట్ట కింద ఉన్న మంచినీళ్ల బావికి పోవాలి. చెరువులో నీళ్లున్నంత కాలం ఆ బావిలో ఊట ఉండేది, చెరువు ఎండితే బావీ అడుగంటేది. చైత్ర వైశాఖాల్లో ఆడవాళ్లు కోడికూతకు ముందే కడవలు పట్టుకుని వెళ్లి, ఊట ఊరేదాకా గట్టు మీద కూర్చుని, చెంబుతో ముంచి నింపుకుని వచ్చేవారు. అంత కష్టపడి చంకన మోసుకొచ్చిన నీళ్లను ఒక్కసారి వాడి పారబోయడమన్నది ఆ ఇంట్లో ఎవరికీ తట్టేది కాదు.

నీళ్లకు ఒక వరుస ఉండేది. బియ్యం, బ్యాళ్లు కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోయేవి, అవి బర్రెకు. రాత్రి తాగగా కుండలో మిగిలిన పాత నీళ్లు పొద్దున్నే ఒక బిందెలోకి వంచి పక్కన పెట్టేవారు, వాటి పని తర్వాత చెబుతాను. ఒళ్లు కడుక్కున్న నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు జాలారి గుండా పెరట్లోకి పారేవి. వంటింటి వెనక కడప బండలు పరిచి, చుట్టూ మోకాలెత్తు గోడ కట్టిన చోటే మా జాలారి. గోడ అడుగున ఉన్న తూము దాటగానే పెరటి కాలువ మొదలయ్యేది. ఒంటికి సున్నిపిండి, తలకు సీకాయ, అంట్లకు పొయ్యి బూడిద, కొబ్బరి పీచు, ఇవే వాడకం. బట్టలు మురికి వదిలేది రేవు దగ్గర గనుక సబ్బు నురగ ఆ కాలువలోకి వచ్చేదే కాదు. ఆ నీళ్లలో మొక్కకు చెరుపు చేసేది ఏమీ లేదు, పైపెచ్చు బూడిదలోని పొటాష్ మొక్కలకు మేలే చేసేది.

ఈ నీళ్లు రోజూ వచ్చేవి గానీ కొద్దిగానే వచ్చేవి, అన్ని మొక్కలకూ చాలేవి కావు. అందుకే అవ్వ పెరట్లో ఏ మొక్క ఎక్కడ ఉండాలన్నది అందం చూసి నిర్ణయించింది కాదు, ఆ మొక్క దాహాన్ని చూసి నిర్ణయించింది. జాలారి తూముకు ఆనుకుని అరటి పిలకలు, వాటి మొదట్లో చేమ ఆకులు, కాలువ గట్టు పొడుగునా పొన్నగంటి కూర ఉండేవి. కొంచెం అవతల దొండ పందిరి, దాని పక్కన కరివేపాకు, ఒక మల్లె పొద. కాలువ సన్నబడి ఇంకిపోయే చోట మునగ. అక్కడి నుంచి కంచె దాకా నీళ్లు అందని భాగం. ఆ భాగంలో గోరింట, నందివర్ధనం, ఎర్ర గన్నేరు, సీతాఫలం, ఒక రేగు చెట్టు. కంచెగా కలివి పొదలు, వాటి మీదికి పాకిన నల్లేరు, మొదళ్లలో కలబంద. వేప చెట్టు మాత్రం ఎవరూ నాటింది కాదు, ఈశాన్య మూలలో తనంతట తాను మొలిచిందట, తాత దాన్ని కొట్టనీయలేదు.

కొత్తగా ఎవరైనా ఒక అంటో పిలకో తెచ్చిస్తే అవ్వ అడిగే మొదటి ప్రశ్న అది ఎంత తాగుతుందని. కాలువకు దగ్గరగా చోటు ఖాళీ లేకపోతే, దాహం ఎక్కువున్న మొక్కను ఎంత ముచ్చటగా ఉన్నా తీసుకునేది కాదు. తోట పెట్టేవాళ్లలో చాలామంది మొక్కను ముందు కొని, నీళ్ల సంగతి తర్వాత చూసుకుంటారు. అవ్వ ముందు తన దగ్గర ఉన్న నీళ్లను లెక్క చూసుకుని, ఆ లెక్కలో ఇమిడే మొక్కలనే పెంచింది. ఇన్నేళ్లు మొక్కల గురించి చదివి, పిల్లలకు పాఠాలు చెప్పిన తర్వాత కూడా, నీళ్లు తక్కువగా ఉన్న చోట తోట పెంచడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు కనిపించలేదు.

మల్లె విషయంలో ఆమె పట్టుదల నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. మార్గశిరం వచ్చిందంటే మల్లె పాదుకు వెళ్లే కాలువ పాయను మట్టితో మూసేసేది. పుష్యమాసం నాటికి ఆకులు పసుపుబారి, పొద వాడిపోయినట్టు కనిపించేది. నేను జాలిపడి చాటుగా ఒక చెంబెడు నీళ్లు పోయబోతే, "దాన్ని పండుకోనీ అమ్మీ, ఇప్పుడు లేపితే ఎండకాలంలో ఆకే ఇస్తాది, పువ్వు ఇయ్యదు" అని చెంబు తీసుకునేది. సంక్రాంతి పోయాక కొడవలితో కొమ్మలను మోకాలెత్తున కోసి, మిగిలిన ఆకులు దూసేసి, పాదు తవ్వి పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు వదిలేది. ఫాల్గుణం వచ్చేసరికి పొదంతా కొత్త చిగురు, చిగురు చివర మొగ్గ. మల్లె తోటలు పెంచే రైతులందరూ చేసే పనే ఇది, నిమ్మ తోటలను పూతకు ముందు వాడబెట్టడం వెనక ఉన్న సూత్రమూ ఇదే. నీళ్లు తక్కువైన నెలలనే మొక్కకు విశ్రాంతి నెలలుగా మార్చడం అందులోని తెలివి.

మునగకు కూడా నీళ్లు ఎక్కువైతే కొమ్మ ఏపుగా పెరుగుతుందే గానీ పూత రాలిపోతుంది, మొదట్లో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. అందుకే దానికి కాలువ చివర ఇచ్చింది. కాపు అయిపోగానే కొమ్మలు నరికించేది, లేకపోతే మా గాలికి విరిగిపోతాయి.

ఇప్పుడు ఆ బిందెలో పక్కన పెట్టిన పాత నీళ్ల సంగతి. కాలువ పారని భాగంలో అవ్వ సొర, బీర తీగలు పెట్టేది, అక్కడ ఆమెకు తోడు పాతిన కుండలు. ఊళ్లో కుమ్మరి దగ్గర నీళ్ల కుండ కొనేటప్పుడు ఆమె వేలి కణుపుతో కొట్టి శబ్దం విని, నీళ్లు పోసి ఒక పూట ఆగి, బయటి గోడ చెమర్చిందా లేదా అని అరచేత్తో తడిమి చూసేది. నీళ్లను బాగా చల్లబరిచే కుండే నేలలో పాతడానికీ మంచిది, ఎందుకంటే రెండు పనులూ జరిగేది గోడలోని సన్నని రంధ్రాల వల్లనే. ఉప్పు నీళ్లు తాగి తాగి రంధ్రాలు మూసుకుపోయి, నీళ్లు చల్లబడని పాత కుండను నేలలో పాతినా ఉపయోగం ఉండదు. తీగ పెట్టదలచిన చోట గడపారతో గుంత తీసి, తవ్విన మట్టిలో ఎరువు కలిపి, కుండను మెడ దాకా పూడ్చి, జానెడు దూరంలో చుట్టూ గింజలు నాటేది. మూతిపైన ఒక పెంకు బోర్లించేది, దోమలు గుడ్లు పెట్టకుండా, ఎండకు నీళ్లు ఆవిరైపోకుండా. జాలారి నీళ్లను ఆ కుండల్లో పోయనిచ్చేది కాదు. జిడ్డు పట్టి గోడ మూసుకుపోతుంది గనుక తాగే కుండలో మిగిలిన తేట నీళ్లే వాటికి.

చుట్టూ మట్టి ఎండిన కొద్దీ కుండ నుంచి నీళ్లు బయటికి చెమరుస్తాయి, మట్టి తడిగా ఉంటే చెమర్చడం మందగిస్తుంది. అంటే ఎంత తడి కావాలో కొలిచే పని మనిషికి లేదు. పైన నేల పొడిగానే ఉంటుంది కాబట్టి కలుపు కూడా మొలవదు. ఒకసారి సొర తీగ కాపు ముగిశాక తాత ఆ కుండను తవ్వి తీస్తే, దాని వెలుపలి గోడ మొత్తం సన్నని తెల్లని వేళ్లతో అల్లుకుపోయి ఉంది, మట్టి రాలగొట్టినా వేళ్లు వదల్లేదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో చైనాలో రాసిన ఒక వ్యవసాయ గ్రంథంలో ఇదే పద్ధతి ఉందని చాలా కాలం తర్వాత చదివాను. అవ్వకు అది ఎవరు నేర్పారో అడిగి తెలుసుకునే వయసులో నేను లేను.

మా ఎర్ర నేల గురించి చెప్పకుండా ఈ మాటలు సాగవు. గరుసు ఎక్కువ, లోతు తక్కువ. వాన పడితే తాగినంత వేగంగానే ఆరిపోతుంది. చెరువు ఎండిన సంవత్సరాల్లో రైతులు ఎద్దుల బండ్లతో పూడిక మట్టిని చేలకు తోలుకునేవారు, తాత అందులో ఒక బండి పెరటికి తిప్పేవాడు. ఆ నల్లని వండ్రు మట్టి ఎర్ర మట్టిలో కలిస్తే నేల తడిని పట్టి ఉంచే గుణం పెరుగుతుంది. ఇక రెండోది చెనిక్కాయ, అంటే వేరుశనగ, పొట్టు. మా జిల్లాలో చెనిక్కాయ పంటే ప్రధానం కనుక, విత్తనానికి కాయలు ఒలిచే రోజుల్లో ప్రతి ఇంటి వాకిట్లో పొట్టు గుట్టలు పడేవి. చెనిక్కట్టె పశువులకు మేత, పొట్టు మాత్రం పొయ్యిలోకి పోయేది. అవ్వ దాన్ని గంపలతో ఎత్తి పెరట్లో ప్రతి పాదులోనూ బెత్తెడు మందాన పరిచేది. మిట్టమధ్యాహ్నం పొట్టు పక్కకు తోసి వేలు దింపితే కింద మట్టి చల్లగా, చేతికి అంటుకునేంత తడిగా ఉండేది, పొట్టు లేని చోట అదే లోతులో దుమ్ము. ఆ తేడా నాకు ఇప్పటికీ వేలికొసన గుర్తుంది. పొట్టులో చెదలు పట్టకుండా అప్పుడప్పుడు కానుగాకు, వేపాకు కలిపేది.

నీళ్లు పోసే వేళ కూడా ఆమెకు ముఖ్యమే. పొద్దు గూకినాకే కాలువ మళ్లించేది. పగటి వేడిలో పోసిన నీళ్లు నేలలోకి దిగేలోపే కొంత ఆవిరవుతాయి, రాత్రి పోసినవి తెల్లవారేదాకా వేరుకు అందుతాయి. ఆకుల మీద నీళ్లు చిలకరించే అలవాటు నాకుండేది. "నీళ్లు ఆకుకు గాదమ్మీ, వేరుకు పొయ్యి" అనేది. వాన వెలిసిన మరుసటి రోజు పారతో పాదుల పైమట్టిని గుల్ల చేయించేది, ఎండకు గట్టిపడిన పైపొర పగిలి నెర్రెలు విచ్చకుండా, కింది తడి కిందనే ఉండిపోయేలా. చేలల్లో రైతులు గుంటక తోలేది కూడా కలుపు కోసమే కాక ఇందుకోసం కూడా.

నీళ్లు అందని ఆ కంచె వైపు భాగమే నాకు బాగా ఇష్టమైనది. తర్వాత కాలేజీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు పాఠంలో వచ్చిన ప్రతి ఉపాయానికీ ఆ పెరట్లో ఒక మొక్క గుర్తుకొచ్చేది. గన్నేరు ఆకు అడుగున పత్రరంధ్రాలు సన్నని గుంతల్లో, నూగు మాటున ఉంటాయి, అందువల్ల పడమటి గాలి ఎంత వీచినా ఆకులోని తేమ తొందరగా పోదు. సీతాఫలం ఎండాకాలంలో ఆకంతా రాల్చేసి, తొలకరికి చిగురిస్తుంది. వేప, కానుగ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఊరంతా ఎండిపోయిన రోజుల్లోనే వాటికి లేత చిగురు, ఉగాదికి వేపపూత. వాటి వేళ్లు మన చూపుకు అందని లోతుల్లో తడిని వెతుక్కుంటాయి. కలబంద, నల్లేరు పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రిపూట తెరుస్తాయి. చల్లని వేళలో పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా నిలవ చేసుకుని, మర్నాడు వెలుతురులో దానితో ఆహారం తయారు చేసుకుంటాయి.

గంగవాయిలి కూర కూడా నీటి ఎద్దడి పెరిగినప్పుడు ఇదే దారి పడుతుంది. రాత్రంతా పోగైన ఆమ్లం తెల్లవారేసరికి ఆకులో ఎక్కువగా ఉంటుంది, పగలు గడిచేకొద్దీ తగ్గుతుంది. "పొద్దున్నే గిల్లితే చింతపండు తక్కువ పడుతుంది" అని అవ్వ చెప్పే మాట వెనక ఉన్నది ఈ రసాయనమే. పప్పులోకి కావలసిన రోజు మమ్మల్ని చీకటితోనే లేపి ఆ కూర కోసం పంపేది.

వాన మొదలైందంటే ఎవరూ విత్తని కూరలు పెరట్లో పుట్టుకొచ్చేవి. గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, అటికమామిడి. పట్నంలో వీటన్నిటికీ కలుపు అనే ఒకే పేరు ఉంది. అవ్వ వాటిలో ఏది లేతగా ఉన్నప్పుడు తినాలి, ఏది పూతకు వచ్చాక వదిలేయాలి, ఏది పప్పులోకి, ఏది వేపుడులోకి అన్నది ఎంచి చెప్పేది. ప్రతిదానిలోనూ కొన్ని మొక్కలను ముదిరి గింజ రాలేదాకా తాకనిచ్చేది కాదు. చెంచలాకు పప్పు, రాగి సంగటి, అంచుకు ఊరిబిండి ఉంటే ఆ పూట ఇంట్లో పండగే. నీళ్లు పోయనక్కరలేని, విత్తనం కొననక్కరలేని ఆ కూరలు వానాకాలమంతా ఇంటిని పోషించేవి. ఇవాళ తోటల గురించి ఎన్ని మాటలు మాట్లాడుకున్నా వీటి ఊసు రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నీళ్లు లేకుండా బతికేదల్లా పెంచదగినది కాదు. సర్కారు కంప మా ప్రాంతంలో ఎంత కరువులోనైనా పచ్చగా ఉంటుంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఆ ముళ్ల చెట్టు వంటచెరకుకు, బొగ్గుకు అక్కరకొచ్చిన మాట నిజమే గానీ, చెరువు లోపలికి, బీళ్లలోకి అల్లుకుపోయి మరొక మొక్కను ఎదగనివ్వలేదు. కంచెలో దాని మొలక కనిపిస్తే తాత వేరుతో సహా పెరికేవాడు. దాని స్థానంలో ఉన్న కలివి పొద కూడా ముళ్లదే, కరువుకు ఓర్చేదే, అయితే అది వేసవిలో తెల్లని పూలు పూసి, తొలకరి నాటికి పుల్లని కాయలు ఇచ్చేది. పచ్చి కాయలు పప్పుకు, ఊరగాయకు, పండినవి మా పిల్లలకు, పిట్టలకు.

వాన నీటిని కూడా అవ్వ పెరటి లెక్కలోనే వేసుకునేది. మాది మట్టి మిద్దె. ఏటా తొలకరికి ముందు సౌడు మట్టి తెచ్చి పైన పరిచి దిమ్మిస చేసేవారు, కురవకుండా. మిద్దె గొట్టం నుంచి దూకే నీళ్లు మొదట సీతాఫలం పాదులోకి, అది నిండితే నందివర్ధనానికి, అది పొర్లితే గోరింటకు, చివరికి రేగు మొదటికి పోయేలా పాదులన్నిటినీ ఒకదానికొకటి కలిపి ఉంచేవారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే 55,000 లీటర్లు. కరువు జిల్లాలో ఒక ఇంటి కప్పు మీద పడే నీళ్లు అవి. కొత్త మొక్క ఏది నాటినా అవ్వ ఉత్తర, హస్త కార్తెల వానలు చూసుకునే నాటేది. తొలకరికి నాటితే ఆ తర్వాత వచ్చే వాన తెరపి, గాలి రెండూ లేత మొక్కను చంపుతాయి. సెప్టెంబరులో నాటితే వానలు ఆగేలోపు వేరు దిగి, చలికాలం దాటి, ఎండకు తట్టుకునే శక్తి వస్తుంది.

విత్తనాలన్నీ ఇంట్లోవే. బీర, గుమ్మడి గింజలను పేడలో అద్ది గోడకు పిడకల్లా కొట్టేది, ఎండిన తర్వాత పురుగు తాకేది కాదు, నాటేటప్పుడు పిడకను ముక్కలు చేసి గుంతలో వేస్తే సరి. సొర గింజలు ఎండిన సొరకాయ బుర్రలోనే, బూడిదతో కలిపి, అటక కింద వేలాడేవి. బలమైన తీగకు మొదట్లో కాసిన కాయను విత్తనానికి వదిలేసి దానికి ఒక గుడ్డ పీలిక కట్టేది, ఎవరూ కోయకుండా.

1980లలో ఊరికి బోరింగు వచ్చింది, 1990ల నడుమ కొళాయిలు వచ్చాయి. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో వందలాది పల్లెల దాహం తీర్చిన సంగతి మా వాళ్లెవరూ మరవరు. కడవ చంకన పెట్టుకుని తెల్లవారుజామున నడిచిన ఆడవాళ్లకు అది ఎంత పెద్ద ఊరటో చూసినదాన్ని నేను. ఆ కష్టం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కాకపోతే నీళ్లు ఇంటి ముందుకు వచ్చిన కొన్నేళ్లకే జాలారి నీళ్లు వీధి కాలువలోకి మళ్లాయి, పెరళ్లకు సిమెంటు పడింది, కలివి కంచెలు పోయి ప్రహరీలు లేచాయి. చేలల్లో బోర్లు ఏటికేడు లోతుకు పోయి, మా చేదబావి ఎండిపోయింది. అవ్వ పోయాక మామ పెరట్లో సగం బండలు పరిపించాడు. వేప, రేగు మిగిలాయి.

నేను పదవీ విరమణ చేశాక హైదరాబాదు శివార్లలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడ వాన అనంతపురం కంటే మెరుగు, సగటున 800 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అయినా వేసవి వస్తే వీధి వీధికీ ట్యాంకర్లు తిరుగుతాయి. మా కాలనీలో చాలా ఇళ్ల ముందు పచ్చిక ఉంది. ఎండాకాలంలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు ఐదు లీటర్లయినా కావాలి, వంద చదరపు మీటర్లకు అయిదు వందల లీటర్లు, అంటే పది రోజులకు ఒక చిన్న ట్యాంకరు. తినడానికి ఆకు గానీ, తలలోకి పువ్వు గానీ, పిట్టకు పండు గానీ ఇవ్వని దానికి అన్ని నీళ్లు పోయడం నాకు మనస్కరించలేదు. మా ఇంటి ముందు మొరం నింపిన స్థలంలో చెరువు మట్టి కలిపించి, అవ్వ పెరటి వరుసనే ఇక్కడికి తెచ్చుకున్నాను.

వంటింటి గోడ వెంట పొన్నగంటి, కరివేపాకు, దొండ. ఆ తర్వాత మల్లె, మునగ. రోడ్డు వైపు గోరింట, నందివర్ధనం, గన్నేరు, డిసెంబరాలు, ఒక తంగేడు. బతుకమ్మ రోజుల్లో వీధిలోని ఆడపిల్లలు వచ్చి ఆ తంగేడు పూలు కోసుకుపోతారు, అది నాకు ఎంతో తృప్తి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషం కనుక పసిపిల్లలు తిరిగే చోటికి దూరంగా, గోడ మూలన పెట్టాను. ఈ కాలపు జాలారి నీళ్లు వేరు కాబట్టి కొంత వివేచన అవసరం. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు నేరుగా మొక్కలకు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు గనుక అవి పాతిన కుండల్లోకి. నీళ్లు శుద్ధి చేసే యంత్రం వదిలేసే నీళ్లలో ఉప్పులు ఎక్కువ, వాటిని మల్లెకూ కుండలకూ దగ్గరికి రానివ్వను, అవి గచ్చు కడగడానికి. బట్టల యంత్రం నీళ్లలోని సోడియం నేలను బిగుసుకుపోయేలా చేస్తుంది, అవి అసలు మట్టిలోకే పోవు. చెనిక్కాయ పొట్టు ఇక్కడ దొరకడం కష్టం, రాలిన వేపాకు, కానుగాకు దాని పని చేస్తున్నాయి.

ఎదురింటి అమ్మాయి ఒకసారి వచ్చి, "పెద్దమ్మా, మీ మొక్కలకు మీరు నీళ్లు పట్టడం నేను చూడనే లేదు, ఎలా బతుకుతున్నాయి?" అని అడిగింది. రాత్రి పూట వచ్చి చూడమన్నాను. వచ్చింది, కుండల మూతలు తెరిచి చూసింది, మరుసటి వారమే కుమ్మరి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుపోయి, చెమర్చే కుండను ఎంచడం నేర్చుకుంది. ఆ అమ్మాయి ఇంట్లో ఇప్పుడు పచ్చిక సగానికి తగ్గి, మిగతా సగంలో బీర తీగ పాకుతోంది.

మా పెరట్లో ఇంకా లోటున్నది కలివి ఒక్కటే. దాని గింజ ఎండబెట్టి దాస్తే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది, పండు నుంచి తీసిన వెంటనే నాటుకోవాలి. అందుకని ఈసారి కాయలు పండే రోజుల్లో నేనే ఊరికి వెళ్లి, కొండ వాలున మిగిలిన పొదల నుంచి పండ్లు కోసుకురావాలని మామతో చెప్పి ఉంచాను. గింజలు పోయడానికి సంచుల్లో మట్టి, ఎరువు కలిపి సిద్ధంగా పెట్టాను. మొలకలు జానెడు ఎదిగాక ప్రహరీ లోపలి వైపు మూరకొకటి చొప్పున నాటి, మిగిలినవి ఎదురింటికి ఇవ్వాలి.